వేడెక్కితే ఆగిపోయి, చల్లారేదాకా స్టార్ట్ కాని కారు: తరచుగా అడిగే ప్రశ్నలు

చల్లగా ఉన్నప్పుడు ఏ పేచీ లేకుండా నడిచి, బాగా వేడెక్కాక ఉన్నట్టుండి ఆగిపోయి, ఎంత సెల్ఫ్ కొట్టినా అందుకోకుండా, కాసేపు వదిలేస్తే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్ట్ అయ్యే కార్ల గురించి ఈ ప్రశ్నలు. జవాబులు ఎక్కువగా పెట్రోలు ఇంజెక్షన్ కార్లకు వర్తిస్తాయి. డీజిల్, గ్యాస్, పాత కార్బురేటర్ బండ్ల సంగతి చివర్లో విడిగా ఉంది.

ఈ ఫాల్ట్ దొరకడం ఎందుకంత కష్టం?

అది కనబడే సమయం చాలా తక్కువ కాబట్టి. ఇంజన్ ఆగినప్పటి నుంచి చల్లారి మళ్లీ అందుకునేదాకా ఉండే పది, ఇరవై నిమిషాలే మీ చేతిలో ఉన్న సమయం. మామూలుగా జరిగేదేమిటంటే, ఆ కాసేపూ టెన్షన్ పడుతూ నిలబడతాం, బండి స్టార్ట్ అవగానే హమ్మయ్య అనుకుని మెకానిక్ దగ్గరికి వెళ్తాం. అక్కడికి చేరేసరికి అన్నీ సక్రమంగానే ఉంటాయి. ఇక ఆయన ఊహించడం తప్ప చేసేదేముంది? ప్లగ్గులు మారతాయి, ఫిల్టర్ మారుతుంది, కాయిల్ మారుతుంది, తర్వాత పంపు. వాటిలో ఏదో ఒకటి కలిసొస్తే మన అదృష్టం. ఈ పేజీ అంతా ఒకే పని కోసం: బండి మొరాయించిన ఆ కాస్త సమయంలోనే పరీక్షలు చేసి, విడిభాగాలు కొనకముందే అనుమానితుల జాబితాను ఒకటీ రెండుకు తగ్గించడం.

నడుస్తూ నడుస్తూ ఆగిపోయింది. పరీక్షల సంగతి తర్వాత, ముందేం చేయాలి?

హజార్డ్ లైట్లు వేసి, బండికి ఉన్న ఊపుతోనే పక్కకు తీయండి. ఇంజన్ ఆగితే స్టీరింగ్ బరువెక్కుతుంది, కానీ తిరుగుతుంది. బ్రేక్ బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ ఒకటి రెండు తొక్కులకే సరిపోతుంది. అందుకని పెడల్‌ను ఊరికే కొడుతూ ఉండక, ఒకేసారి గట్టిగా తొక్కి పట్టుకోండి. బండి పూర్తిగా ఆగేదాకా తాళంచెవి బయటికి లాగొద్దు, స్టీరింగ్ లాక్ పడుతుంది.

ఆగిన చోటు ప్రమాదకరంగా ఉంటే పరీక్షలూ వద్దు, ఏమీ వద్దు. మనుషులు దిగి దూరంగా నిలబడాలి.

ఆగిన తీరును బట్టి ఏమైనా తెలుస్తుందా?

చాలా తెలుస్తుంది. ఎవరో తాళంచెవి తిప్పేసినట్టు ఠక్కున ఆగిపోతే కరెంటు వైపు చూడాలి: క్రాంక్ సెన్సర్ (ఇంజన్ తిరుగుతోందని గుర్తించేది), రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్), ఇగ్నిషన్ స్విచ్, కాయిల్‌కు (ప్లగ్గులకు హై వోల్టేజీ ఇచ్చేది) వెళ్లే సప్లై. ముందు లాగడం తగ్గి, కుదుపులు వచ్చి, యాక్సిలరేటర్ తొక్కినా పికప్ లేక నీరసంగా ఆగితే ఇంధనం వైపు చూడాలి. ఇది చట్టమేమీ కాదు. ఒక్కొక్క సిలిండర్‌కూ విడి కాయిల్ ఉన్న ఇంజన్‌లో ఒక కాయిల్ పోతే మిస్సింగ్ వస్తుంది తప్ప ఇంజన్ ఆగదు. పంపు రిలే ఒక్కసారిగా పడిపోతే ఇంధన లోపమే అయినా దాదాపు ఠక్కున ఆగినట్టే ఉంటుంది.

ఇంకొక ఆనవాలు ఆర్పీఎం ముల్లు. మాన్యువల్ గేరు బండి గేరులో ఉండగా ఆగిపోతే చక్రాలే ఇంజన్‌ను తిప్పుతుంటాయి. అప్పుడు కూడా ముల్లు సున్నాకు పడిపోయిందంటే, ఇంజన్ తిరుగుతున్నా ఆ కబురు ఈసీయూకి (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్‌కు) చేరడం లేదన్నమాట. వెంటనే క్రాంక్ సెన్సర్ మీద అనుమానం పడాలి.

చల్లారేలోపు ఏమేం చూడాలి?

మొదట వినండి. చుట్టూ చప్పుడు లేకుండా చూసుకుని కీ ఆన్ చేయండి, సెల్ఫ్ కొట్టకండి. చాలా కార్లలో వెనక సీటు కింద ట్యాంకులోంచి రెండు మూడు సెకన్లపాటు సన్నని మోత వస్తుంది. అది ఫ్యూయల్ పంపు ప్రెషర్ కట్టే చప్పుడు. మీ బండి బాగా ఉన్నప్పుడు అది ఎలా వినిపిస్తుందో ఒకసారి విని గుర్తుపెట్టుకుంటే, ఆగిన రోజు తేడా తెలుస్తుంది.

తర్వాత డ్యాష్‌బోర్డు. కీ ఆన్ చేయగానే చెక్ ఇంజన్ లైటు వెలగాలి. అది అసలు వెలగకపోతే ఈసీయూకే కరెంటు అందడం లేదు: మెయిన్ రిలే, ఇగ్నిషన్ స్విచ్, ఎర్త్. తాళంచెవి బొమ్మ ఉన్న ఇమ్మొబిలైజర్ (దొంగతాళంతో స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) లైటు ఎడతెగక మినుకుతుంటే దారి వేరు, ఇంజన్‌ను వెతికి లాభం లేదు.

మూడోది, సెల్ఫ్ కొడుతూ ఆర్పీఎం చూడటం. కొన్ని కార్లలో అంత తక్కువ వేగానికి ముల్లు కదలదు, కాబట్టి ఫోన్‌కు కలిసే చిన్న ఓబీడీ స్కానర్ (ఈసీయూలోని సమాచారం చదివే పరికరం) ఒకటి బండిలో ఉంచుకుంటే మంచిది. సెల్ఫ్ తిరుగుతుండగా అందులో సుమారు 150 నుంచి 250 ఆర్పీఎం కనబడాలి. సెల్ఫ్ హుషారుగా తిరుగుతున్నా అక్కడ సున్నా చూపిస్తే మీ వెతుకులాట చాలా వరకు ముగిసినట్టే.

నాలుగోది స్పార్క్. దీనికి స్పార్క్ టెస్టర్ వాడండి. ప్లగ్ వైరును చేత్తో పట్టుకుని బాడీకి ఆనించే పాత పద్ధతి మానేయండి. కాయిల్ ఇచ్చేది వేల వోల్టులు, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్‌లో అది మనిషికీ ఈసీయూకీ రెండింటికీ చేటు. పెట్రోలు వాసన వస్తుంటే స్పార్క్ పరీక్ష జోలికే పోవద్దు.

ఐదోది ఇంధన ప్రెషర్. ఫ్యూయల్ రైల్‌కు (ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే గొట్టానికి) గేజ్ తగిలించే సౌకర్యం ఉంటే చూడండి. మామూలు పోర్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో సుమారు 3 నుంచి 4 బార్ ఉంటుంది, మీ మోడల్‌కు ఖచ్చితమైన అంకె సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. డైరెక్ట్ ఇంజెక్షన్ అయితే హై ప్రెషర్ లైన్లు విప్పొద్దు, స్కానర్‌లోనే చూడండి.

ఒక జాగ్రత్త. సెల్ఫ్‌ను పది సెకన్లకు మించి ఏకబిగిన తిప్పొద్దు, మధ్యలో కనీసం అర నిమిషం విరామం ఇవ్వండి. బ్యాటరీ పడిపోతే అసలు ఫాల్ట్ మీద ఇంకో ఫాల్ట్ వచ్చి కూర్చుంటుంది. పైగా మండని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి (సైలెన్సర్ పైపులో పొగను శుద్ధి చేసే భాగంలోకి) చేరుతుంది.

అసలు సెల్ఫే తిరగడం లేదు. ఇదీ అదే జబ్బా?

కాదు. సెల్ఫ్ తిరిగి ఇంజన్ అందుకోకపోవడం ఒకటి, సెల్ఫే తిరగకపోవడం ఇంకొకటి. మెకానిక్‌కు చెప్పేటప్పుడు ఈ తేడా స్పష్టంగా చెప్పకపోతే ఆయన తప్పు దారిలో మొదలుపెడతారు.

సెల్ఫ్ మోటార్ సైలెన్సర్ పైపు పక్కనే ఉండే ఇంజన్లలో వేడికి సోలనాయిడ్ (మోటార్‌కు కరెంటు కలిపే విద్యుదయస్కాంతం) చుట్ట రెసిస్టెన్స్ పెరుగుతుంది. కేబుళ్లు, బిగింపులు కూడా పాతబడి ఉంటే సోలనాయిడ్‌ను లాగడానికి చాలినంత కరెంటు చేరదు, ‘టక్’మని ఒక్క చప్పుడు చేసి ఊరుకుంటుంది. సెల్ఫ్ కొట్టే క్షణంలో బ్యాటరీ ప్లస్ నుంచి మోటార్ టెర్మినల్‌కు మధ్య మల్టీమీటర్ పెట్టి చూడండి. అర వోల్టుకు మించి పోతుంటే కేబులో బిగింపో బాగాలేదు. ఎర్త్ వైపు 0.2, 0.3 వోల్టులు దాటకూడదు. కేబుళ్లు బాగుండి వేడిలోనే మొండికేస్తే మోటార్‌ను విప్పించాల్సిందే. సెల్ఫ్ మామూలు కంటే బరువుగా, ఈడుస్తున్నట్టు తిరిగితే మాత్రం కింది ప్రశ్న చదవండి.

టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాటాక ఆగింది. క్రాంక్ సెన్సర్ మార్చాలా?

వద్దు, ఇది వేరే కథ. ఇంజన్ మామూలు వేడిలో ఉండి ఆగడం గురించే ఈ పేజీ. హద్దు మీరి వేడెక్కి ఆగితే కూలెంట్ కారడం, ఫ్యాన్ తిరగకపోవడం, థర్మోస్టాట్ మూసుకుపోవడం, వాటర్ పంపు, హెడ్ గ్యాస్కెట్ చూడాలి. రేడియేటర్ మూత వేడిలో తీయొద్దు, లోపల ప్రెషర్‌లో ఉన్న నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి. ఇంజన్ మీద చన్నీళ్లు గుమ్మరించొద్దు. చల్లారాక స్టార్ట్ అయినా నడపకుండా, లాగించుకుని తీసుకెళ్లడమే చౌక.

ఎవరినడిగినా క్రాంక్ సెన్సరే అంటారు. ఎందుకు?

ఎక్కువసార్లు అదే కాబట్టి. క్రాంక్ షాఫ్ట్ ఏ స్థానంలో ఉంది, ఎంత వేగంగా తిరుగుతోంది అన్నది ఈసీయూకి చెప్పేది ఈ సెన్సరే. ఆ సిగ్నల్ లేకపోతే స్పార్క్ ఎప్పుడివ్వాలో, ఇంజెక్టర్ ఎప్పుడు తెరవాలో తెలియదు కనుక ఈసీయూ రెండూ ఆపేస్తుంది. సెన్సర్ ఉండే చోటు ఇంజన్ బ్లాక్ మీద, ఫ్లైవీల్ దగ్గర లేదా ముందువైపు పుల్లీ దగ్గర. రెండూ వేడి, నూనె, అదురు ఉన్న చోట్లే. లోపల సన్నని రాగి తీగ చుట్టో, చిన్న ఎలక్ట్రానిక్ చిప్పో ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికి వ్యాకోచించి, చల్లారి సంకోచించి, ఏదో ఒక అతుకు వదులవుతుంది. వేడిలో విడిపోతుంది, చల్లారితే మళ్లీ కలుస్తుంది. మీ బండి ఆడే నాటకం అచ్చంగా ఇదే.

ఇక్కడ చాలామంది బోల్తాపడే చోటు ఒకటుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు పంపు చప్పుడు రాలేదని పంపు మార్చేస్తారు. చాలా కార్లలో ఇంజన్ తిరుగుతున్న సిగ్నల్ అందకపోతే ఈసీయూ పంపు రిలేను తనే ఆపేస్తుంది. అంటే పంపు తిరగకపోవడానికి కారణం క్రాంక్ సెన్సరే కావచ్చు. కీ ఆన్ చేయగానే రెండు సెకన్ల మోత వచ్చి, సెల్ఫ్ కొట్టేటప్పుడు రాకపోతే ట్యాంకు విప్పే ముందు ఆర్పీఎం చూడండి.

మల్టీమీటర్‌తో ఆ సెన్సర్‌ను పరీక్షించవచ్చా?

ఏ రకమన్నదాన్ని బట్టి. రెండు వైర్లది సాధారణంగా ఇండక్టివ్ రకం, లోపల కాయిల్ ఉంటుంది. దీని రెసిస్టెన్స్ చాలా కార్లలో కొన్ని వందల ఓమ్‌ల నుంచి వెయ్యి పైచిలుకు దాకా ఉంటుంది. మూడు వైర్లు ఉంటే చాలావరకు హాల్ రకం, లోపల చిప్ ఉంటుంది. మూడో వైరు షీల్డ్ మాత్రమే అయ్యే సందర్భాలూ ఉన్నాయి కాబట్టి వైరింగ్ బొమ్మ చూసుకోండి. హాల్ సెన్సర్‌కు ఓమ్‌లు కొలవొద్దు, అర్థంలేని అంకె వస్తుంది, లోపలి చిప్ దెబ్బతినే ప్రమాదమూ ఉంది. దానికి సప్లై వోల్టేజీ, ఎర్త్, తిరిగేటప్పుడు సిగ్నల్ పైకీ కిందికీ మారడం చూడాలి.

ఇండక్టివ్ సెన్సర్‌ను చల్లగా కొలిచి ‘బాగానే ఉంది’ అనేస్తే ఫలితం లేదు. ఆగిన వెంటనే, వేడిలోనే కొలవాలి. అప్పుడు అంకె కొంచెం పెరిగి కనిపిస్తే కంగారుపడకండి. రాగి రెసిస్టెన్స్ డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున పెరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర 600 ఓమ్‌లు ఉన్నది 95 డిగ్రీల దగ్గర 760 దాకా చూపడం సహజం. మీటర్ అసలు కలవకుండా ఓపెన్ చూపించినా, అంకె నిలకడ లేకుండా ఎగిరెగిరి పడినా అప్పుడు సెన్సర్ తప్పు. కనెక్టర్ దగ్గర వైరు కదిపినప్పుడు మారితే సెన్సర్ కంటే ముందు వైరింగ్ చూడండి. ఎగ్జాస్ట్‌కు తగిలి పై తొడుగు కరిగిన వైరు కూడా ఇవే లక్షణాలు చూపిస్తుంది.

స్కానర్ పెడితే ఒక్క కోడ్ కూడా లేదు. అంటే సెన్సర్లన్నీ బాగున్నట్టేనా?

కాదు. పీ0335 లాంటి క్రాంక్ సెన్సర్ కోడ్ వచ్చిందంటే మంచి ఆధారమే. రాలేదంటే మాత్రం ఏమీ తేలలేదు. సిగ్నల్ మొత్తంగా పోతే, ఇంజన్ తిరుగుతూ సిగ్నల్ రావడం లేదా, లేక ఇంజనే ఆగిపోయిందా అన్నది చాలా ఈసీయూలు తేల్చుకోలేవు. డ్రైవర్ ఆపాడనుకుని ఊరుకుంటాయి. కోడ్ కోసం చూడటం కంటే ఫోన్ యాప్‌లో లైవ్ డేటా రికార్డు చేసుకుంటూ నడపడం ఎక్కువ ఉపయోగం. పక్క సీటులో ఇంకొకరు ఉండి ఆర్పీఎం, కూలెంట్ వేడి, బ్యాటరీ వోల్టేజీ, ఉంటే ఇంధన ప్రెషర్ గమనించాలి. ఆగిన క్షణంలో వీటిలో ఏది ముందు పడిపోయిందన్నదే మనకు కావలసిన సాక్ష్యం.

ఫ్యూయల్ పంపు వేడికి ఆగిపోతుందా? అది ట్యాంకులో చల్లగానే ఉంటుంది కదా?

పంపు మోటార్‌ను చల్లబరిచేది ట్యాంకులోని పెట్రోలే. ట్యాంకు ఎప్పుడూ అడుగంటా నడిపే అలవాటుంటే ఆ చల్లదనం తగ్గుతుంది. బ్రష్‌లు అరిగిన మోటార్ వేడెక్కాక ఆగిపోయి, చల్లారితే మళ్లీ తిరగడం మామూలే. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు రాని ఫాల్ట్ పావు ట్యాంకు దగ్గర వస్తోందా? పంపు మీద అనుమానం పెరుగుతుంది.

ఆగిన సమయంలో ట్యాంకు అడుగున రబ్బరు సుత్తితో మెల్లగా తడితే పంపు అందుకుందంటే, ఆ పంపు రోజులు దగ్గరపడ్డాయి. తట్టినా కదలకపోతే వెనక కనెక్టర్ దగ్గర మీటర్ పెట్టండి. బ్యాటరీకి దగ్గరగా వోల్టేజీ వస్తూ, ఎర్త్ బాగుండి, పంపు తిరగకపోతే తప్పు పంపుదే. వోల్టేజీయే రాకపోతే పంపును వదిలేసి రిలే వైపు వెనక్కి నడవండి.

ఫ్యూజు అయ్యుండొచ్చా? రిలే సంగతి?

ఫ్యూజు కాదు. పోయిన ఫ్యూజు చల్లారితే తిరిగి అతుక్కోదు కదా.

రిలే మాత్రం అచ్చంగా ఇలాగే చేయగలదు. లోపల సోల్డర్ అతుకుల్లో కంటికి కనిపించనంత సన్నని పగుళ్లు వస్తాయి, వేడికి అవి తెరుచుకుంటాయి. 1980ల చివర, 1990లలో వచ్చిన హోండా కార్ల మెయిన్ రిలే ఈ విషయంలో మెకానిక్‌లందరికీ తెలిసినదే. డ్యాష్‌బోర్డు కింద ఉంటుంది కనుక ఇంజన్ వేడి కంటే ఎండలో నిలిపిన బండి లోపలి వేడికే మొండికేసేది. కిటికీలు దించి కాసేపు గాలి ఆడనిస్తే స్టార్ట్ అయ్యేది. మీ బండిలో పంపు రిలే, హారన్ రిలే ఒకే నంబరువి అయితే, ఆగినప్పుడు రెండింటినీ మార్చి పెట్టి చూడండి. పైసా ఖర్చు లేని పరీక్ష.

ట్యాంకు మూత తీసి పెట్టాక స్టార్ట్ అయింది. యాదృచ్ఛికమా?

కాకపోవచ్చు. పెట్రోలు ఖర్చవుతుంటే ఆ ఖాళీలోకి గాలి వెళ్లాలి. ఆ దారి మూసుకుపోతే ట్యాంకులో వాక్యూమ్ ఏర్పడి పంపు లాగలేకపోతుంది. మూత తీయగానే గాలి ‘సుయ్’మని లోపలికి లాక్కుని, వెంటనే బండి అందుకుంటే కారణం దొరికినట్టే. ట్యాంకు అడుగున చెత్త చేరి పంపు జల్లెడకు అడ్డుపడటం కూడా దీని బంధువే: నడిచినంతసేపూ పేరుకుంటుంది, ఆగితే కిందికి జారిపోతుంది. మనం వేడి అనుకునేది కొన్నిసార్లు వేడి కానే కాదు, నడిచిన సమయం. వర్షంలో, చలిలో కూడా అదే దూరానికి ఆగుతోందేమో గమనించండి.

కాయిల్, ఇగ్నిషన్ మాడ్యూల్ వేడికి ఎలా పోతాయి?

కాయిల్ లోపలి ఇన్సులేషన్‌లో పగులుంటే వేడిలో హై వోల్టేజీ అక్కడే దారి చూసుకుంటుంది, ప్లగ్‌కు చేరదు. అన్ని సిలిండర్లకూ ఒకే కాయిల్ ఉన్న ఇంజన్ దీనితో పూర్తిగా ఆగిపోతుంది. ఓమ్‌లు కొలిస్తే సరిగ్గానే చూపించి, పని చేసేటప్పుడు మాత్రం విఫలమయ్యే కాయిల్స్ చాలా ఉంటాయి, కాబట్టి స్పార్క్ టెస్టర్‌నే నమ్మండి.

మాడ్యూల్ (కాయిల్‌ను ఆన్, ఆఫ్ చేసే ఎలక్ట్రానిక్ భాగం) విషయంలో పాఠ్యపుస్తక ఉదాహరణ 1980ల ఫోర్డ్ కార్లలోని టీఎఫ్ఐ మాడ్యూల్. దాన్ని డిస్ట్రిబ్యూటర్‌కే (ప్లగ్గులకు వంతులవారీగా కరెంటు పంచేదానికే) బిగించారు, ఇంజన్ వేడి నేరుగా తగిలేది. మాడ్యూల్ మార్చేటప్పుడు వెనక హీట్ సింక్ పేస్ట్ రాయడం మరిచిపోతే కొత్తది కూడా త్వరగా పోతుంది.

నడుస్తుండగా ఎప్పుడూ ఆగదు. ఆపి పది నిమిషాల తర్వాత వస్తే మాత్రం స్టార్ట్ కాదు. ఇదేమిటి?

ఇంజన్ ఆపగానే ఫ్యాన్ గాలీ, కూలెంట్ ప్రవాహమూ ఆగిపోతాయి. లోహంలో నిలిచిన వేడి బయటికి వస్తుంది కనుక బానెట్ కింద వేడి కాసేపు ఇంకా పెరుగుతుంది. అప్పుడు మొండికేసే బండ్లలో రెండు రకాలున్నాయి, ముక్కు ఉపయోగించి వేరు చేయవచ్చు.

పెట్రోలు వాసన కొడుతూ, ప్లగ్గులు తడిగా వస్తే ఇంధనం ఎక్కువైంది. ఇంజన్ ఆపాక కూడా ఇంజెక్టర్ కారుతుండవచ్చు. ట్యాంకు ఆవిరిని ఇంజన్‌లోకి పంపే పర్జ్ వాల్వ్ తెరుచుకుని ఉండిపోయి ఉండవచ్చు, అదైతే పెట్రోలు నింపించిన వెంటనే ఎక్కువగా ఇబ్బంది పెడుతుంది. లేదా కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ అబద్ధం చెబుతూ ఉండవచ్చు. ఆ సెన్సర్ రెసిస్టెన్స్ వేడికి తగ్గుతుంది: చాలా కార్లలో 20 డిగ్రీల దగ్గర రెండు మూడు వేల ఓమ్‌లు, 80 డిగ్రీల దగ్గర సుమారు 300. ఇంజన్ కాగుతున్నా స్కానర్‌లో 20 డిగ్రీలని కనబడితే, ఈసీయూ చలి ఇంజన్‌కు పోసినట్టు పెట్రోలు పోస్తోంది. ఇలాంటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి సెల్ఫ్ కొట్టండి. చాలా ఇంజెక్షన్ కార్లలో అలా చేస్తే ఈసీయూ ఇంజెక్టర్లను మూసి, లోపలి పెట్రోలు ఆరేలా చేస్తుంది. అందుకుంటే కారణం తేలినట్టే.

వాసన లేకుండా, ప్లగ్గులు పొడిగా ఉంటే ప్రెషర్ నిలవడం లేదేమో చూడాలి. ఇంజన్ ఆపాక కూడా లైన్‌లో ప్రెషర్ చాలాసేపు నిలిచి ఉండాలి, అదే పెట్రోలును ఆ వేడిలో ఆవిరి కాకుండా కాపాడుతుంది. పంపులోని చెక్ వాల్వ్ (పెట్రోలు వెనక్కి జారకుండా ఆపేది) లీకైతే ప్రెషర్ పడిపోయి ఆవిరి చేరుతుంది. కీని ఆన్ చేసి రెండు సెకన్లు ఆగి ఆఫ్ చేయడం రెండు మూడుసార్లు చేసి, ఆపైన సెల్ఫ్ కొట్టండి. ఈ చిట్కాతో వెంటనే అందుకుంటే చెక్ వాల్వ్, ప్రెషర్ రెగ్యులేటర్ చూపించండి.

సిగ్నల్ దగ్గర నిలిపినప్పుడే ఆగుతుంది, కొంచెం తొక్కి సెల్ఫ్ కొడితే అందుకుంటుంది.

థ్రాటిల్ బాడీలో మసి, ఐడిల్ కంట్రోల్ వాల్వ్, ఎక్కడో గాలి లీకు. ఈ పేజీలోని జబ్బు కాదు, చాలా తేలికైనది. ముందు శుభ్రం చేయించండి.

పాత కార్బురేటర్ కారుకు ఇవేవీ వర్తించవా?

స్పార్క్ పరీక్ష వర్తిస్తుంది. మిగతాది వేపర్ లాక్, అంటే పైపులో పెట్రోలు ఆవిరై దారికి అడ్డుపడటం. మెకానికల్ పంపు ఇంజన్ మీదే ఉండి, ట్యాంకు నుంచి పెట్రోలును పీల్చి తెస్తుంది. పీల్చే వైపు ప్రెషర్ తక్కువ కనుక పెట్రోలు ఇంకా సులువుగా ఆవిరవుతుంది. పంపు ద్రవాన్ని తోయగలదు, ఆవిరిని తోయలేదు. పంపు మీద, పైపు మీద తడిగుడ్డ చుట్టి రెండు నిమిషాలు ఆగితే అందుకోవడం దీని గుర్తు. పైపును ఎగ్జాస్ట్‌కు దూరం జరపడం, పోయిన హీట్ షీల్డ్ తిరిగి బిగించడం, కార్బురేటర్ కింద మందపాటి ఇన్సులేటర్ వేయడం శాశ్వత మందులు. కార్బురేటర్ గిన్నెలో పెట్రోలు మరిగి మానిఫోల్డ్‌లోకి పొంగితే అది ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. అప్పుడు యాక్సిలరేటర్ తొక్కి పట్టి కొట్టాలి, పంపింగ్ చేయకూడదు.

గ్యాస్ మీద నడిచే బండి. ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ చేతిలో ఒక పరీక్ష ఊరికే ఉంది: ఇంధనం మార్చి చూడటం. గ్యాస్ మీద ఆగకుండా, పెట్రోలు మీద మాత్రమే ఆగితే పెట్రోలు పంపు, ఇంజెక్టర్ల వైపు వెళ్లండి. రెండింటి మీదా ఆగితే రెండింటికీ ఉమ్మడివైన క్రాంక్ సెన్సర్, కాయిల్, మెయిన్ రిలే. పెట్రోలు మీద బాగుండి గ్యాస్ మీదే ఆగితే గ్యాస్ కిట్ నిపుణుడికే చూపించండి, సొంతంగా విప్పొద్దు.

గ్యాస్ బండ్లలో ఇంకోటి కూడా మరవకూడదు. వాల్వ్ సీట్లు అరిగి వాల్వ్ క్లియరెన్స్ (వాల్వ్‌కు వదలాల్సిన సన్నని ఖాళీ) తగ్గిపోతే, వేడిలో వాల్వ్ పూర్తిగా మూసుకోదు. కంప్రెషన్ పోతుంది, సెల్ఫ్ మామూలు కంటే తేలిగ్గా, వేగంగా తిరుగుతుంది. కంప్రెషన్ పరీక్ష ఒకసారి చల్లగా, ఒకసారి వేడిలో చేయించి పోల్చాలి.

డీజిల్ కారైతే?

స్పార్క్ లేదు, కాబట్టి క్రాంక్ సెన్సర్, రిలేలు, ఇంధన ప్రెషర్ మిగులుతాయి. కామన్ రైల్ ఇంజన్‌లో (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే హై ప్రెషర్ గొట్టం ఉండేది) రైల్ ప్రెషర్ ఒక హద్దు దాటేదాకా ఈసీయూ ఇంజెక్టర్లను తెరవదు, చాలా ఇంజన్లలో అది సుమారు 200 బార్. వేడెక్కిన డీజిల్ పల్చబడుతుంది. అరిగిన ఇంజెక్టర్లలోంచి రిటర్న్ లైన్‌లోకి ఎక్కువగా జారిపోయి ప్రెషర్ కట్టదు. సెల్ఫ్ కొట్టేటప్పుడు స్కానర్‌లో రైల్ ప్రెషర్ చూసి, అది చాలకపోతే ఒక్కో ఇంజెక్టర్ రిటర్న్‌కు సీసా పెట్టి ఏది ఎక్కువ వదులుతోందో కొలిపించండి. హై ప్రెషర్ పైపు నట్టు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వదులు చేయొద్దు. ఆ ధార చర్మంలోకి దూసుకుపోతుంది, ఆపరేషన్ దాకా వెళ్తుంది. స్టార్టింగ్ స్ప్రే కూడా వద్దు, గ్లో ప్లగ్గులున్న ఇంజన్‌లో అది పేలుతుంది.

పాత రోటరీ పంపు ఇంజన్లలో వేడికి పంపు హెడ్ అరుగుదల బయటపడుతుంది. ఇంజన్ ఆపి, పంపు మీద తడిగుడ్డ వేసి కొంత చల్లార్చాక స్టార్ట్ అయితే అదే కారణం. నడుస్తున్న పంపు మీద నీళ్లు పోయొద్దు, పట్టేస్తుంది.

వేడి చేసి ఫాల్ట్‌ను కావాలని రప్పించవచ్చా?

రప్పించవచ్చు, ఇది నాకు అన్నిటికంటే నచ్చిన పద్ధతి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి ఐడిలింగ్‌లో ఉంచండి. అనుమానం ఉన్న ఒక్క భాగాన్నే హెయిర్ డ్రయర్‌తో వేడి చేయండి: సెన్సరో, మాడ్యూలో, రిలేనో. అప్పుడు ఆగిపోయి, అదే భాగాన్ని చల్లబరిస్తే అందుకుందంటే ఇక వాదన లేదు. హీట్ గన్ వాడితే ప్లాస్టిక్ కరుగుతుంది. పెట్రోలు పైపులు, లీకులు ఉన్న చోట ఈ పని అస్సలు చేయొద్దు. బండి వేడెక్కి ఆగినప్పుడు దీన్నే తిరగేసి, ఒక్కో భాగానికీ తడిగుడ్డ ఆనించి చూడవచ్చు. ఒక్కటి చల్లార్చి ఒకసారి కొట్టి, ఆ తర్వాతే రెండోది. అన్నీ ఒకేసారి తడిపితే ఏది కారణమో తెలియదు.

క్రాంక్ సెన్సర్ మార్చాం. వారం బాగుండి మళ్లీ ఆగింది.

మూడు సంగతులు చూడండి. కొత్తది నాసిరకం కావచ్చు, ఈ సెన్సర్‌లో నకిలీలూ చవక రకాలూ వేడికి అసలు నిలవవు. సెన్సర్‌కూ పళ్ల చక్రానికీ మధ్య ఖాళీ తేడాగా ఉండవచ్చు. కనెక్టర్ పిన్నులు వదులై ఉండవచ్చు. ఇవన్నీ సరిగ్గా ఉంటే మొదటి నుంచీ తప్పు వేరే చోట ఉంది, ఆ వారం కాకతాళీయం. మళ్లీ ఆర్పీఎం పరీక్షతో మొదలుపెట్టండి.

మెకానిక్‌కు ఏం చెప్పాలి?

‘వేడికి ఆగుతోంది’ అంటే చాలదు. ఎంతసేపు నడిచాక ఆగింది, ఠక్కునా నీరసంగానా, సెల్ఫ్ తిరిగిందా, ఆ సమయంలో ఆర్పీఎం ఎంత, పంపు మోత వచ్చిందా, పెట్రోలు వాసన ఉందా, ట్యాంకులో ఎంత ఉంది, ఎంతసేపటికి అందుకుంది. ఇవి కాగితం మీద రాసివ్వండి, లేదా ఆగినప్పుడు ఫోన్‌లో వీడియో తీసి చూపించండి. బండిని అక్కడే వదిలి, ఆగేదాకా నడపమని అడగండి. ఆగేలోపే పార్ట్ పేరు చెప్పేస్తే, ఏ పరీక్షతో అలా తేల్చారో మర్యాదగానే అడగవచ్చు.

అప్పటిదాకా ఇలాగే నడుపుకోవచ్చా? అరగంటకే కదా స్టార్ట్ అవుతోంది.

వేగంగా వెళ్లే రోడ్డు మీద, ఓవర్‌టేక్ మధ్యలో, రైలు గేటు మీద ఆగితే ఆ అరగంట దొరకదు. పైగా వేడికి విడిపోయే అతుకు రోజురోజుకూ త్వరగా విడిపోతుంది, చల్లారడానికి పట్టే సమయం పెరుగుతుంది, ఒకరోజు పొద్దున్నే కూడా అందుకోదు. తప్పనిసరై కదపాల్సి వస్తే పావుగంట లోపు దూరాలకు, నెమ్మది రోడ్ల మీద, పక్కకు తీయడానికి జాగా ఉన్న వైపే నడపండి.